పదకొండింటి ఎలుగుబంటి

కొండ మీది వ్యూపాయింటులో పనిచేసే గైడుని అందరూ "అదిగో" అని పిలిచేవారు. పదకొండేళ్ళుగా రోజుకు నాలుగొందలసార్లు ఆ మాటే అంటూండడంతో వాళ్ళమ్మ తను పెట్టిన పేరు తనే మర్చిపోయింది.

కొండ అంచున ఇనుప రెయిలింగు, పక్కనే టికెట్ల గది. టికెట్లూ, టీ బడ్డీ వాళ్ళక్క చూసుకునేది. రెయిలింగు దాటితే మంచు. మామూలు మంచు కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి గొడుగుని అందులోకి చాపి వెనక్కి లాక్కుంటే వేరే గొడుగు వచ్చింది. కొత్తదే కాబట్టి ఆయన పేచీ పెట్టలేదు.

పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ మంచు తొలగలేదు. అవతల ఏముందో అదిగో కూడా చూడలేదు. అయినా ప్రకృతి ప్రేమికులు తప్పక చూడాల్సిన ప్రదేశాల జాబితాలో ఆ చోటుది ఏడో నంబరు. అంతా వాడి నోటి చలవ. "అదిగో జలపాతం! ఆ హోరు వినండి!" అనేవాడు. అందరూ చెవులు రిక్కించి అక్క స్టవ్వు చప్పుడు విని పులకరించిపోయేవారు. తెల్లటి ఫోటోలు ఇంటికి పట్టుకెళ్ళి చుట్టాలకి చూపించేవారు. "ఇది జలపాతం. ఇది సరస్సు. ఇదీ జలపాతమే, మీ బాబాయి అడ్డొచ్చాడు."

మొదట్లో జలపాతం పొద్దున్న కుడివైపు, మధ్యాహ్నం ఎడమవైపు ఉండేది. ఓ కుటుంబం రెండు పూటలా వచ్చి నిలదీశాక అక్క రెయిలింగు అడుగున సున్నంతో గుర్తులు పెట్టింది. అప్పట్నుంచీ జలపాతం కదలకుండా ఉంది.

అలాంటి చోటికి పర్యాటక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆఫీసరొచ్చి జలపాతాన్ని కళ్ళారా చూస్తాడట. లేకపోతే జాబితాలోంచి కొట్టేసి, రెయిలింగు పీకేసి, గదికి తాళం వేస్తారట.

అది చదివి అదిగో ఉత్తరాన్ని తిరగేసి వెనక కూడా చూశాడు. ఈ పని పోతే వాడికి మిగిలేది బావగారి సిమెంటు గొట్టాల దుకాణం. అక్కడ రోజంతా గొట్టంలో తలపెట్టి పగుళ్ళు వెతకాలి. బావ ఎప్పుడో చెప్పి పెట్టాడు: "గొట్టంలో ఏం కనబడితే అదే చెప్పాలి బామ్మర్దీ. నీ సొంతంగా ఏమీ కలపకూడదు."

ఆఫీసరు మడత కుర్చీ చంకన పెట్టుకుని దిగాడు.

"కనబడింది రాస్తాను. చెప్పింది రాయను," అని రెయిలింగు దగ్గర కుర్చీ వేసుక్కూచున్నాడు.

"అదిగో సార్!"

"ఏదీ?"

"అరెరే, ఇప్పుడే అటు తిరిగిందండీ."

"ఏది, జలపాతమా?"

ఆఫీసరు రెండురోజులు కదల్లేదు. మూడోరోజు బాగా పొద్దెక్కాక లేచి, గది వెనక గడ్డం గీసుకోడానికి వెళ్ళాడు. అటు ఆయన సబ్బు రాసుకుంటున్నాడు, ఇటు ఎవరో దుప్పటి లాగేసినట్టు మంచు విడిపోయింది.

ఎదురుగా ఇంకో కొండ. దాని అంచున ఒక రెయిలింగు, ఒక టికెట్ల గది, ఒక టీ బడ్డీ. బడ్డీ ముందు ఒక లావుపాటావిడ. రెయిలింగు దగ్గర ఒకడు చెయ్యి చాచి, సరిగ్గా వీళ్ళనే చూపిస్తూ, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"అదేంట్రా?" అంది అక్క.

"మనమేనేమో అక్కా."

"నోర్ముయ్, నేనంత లావున్నానా?"

జలపాతం మాత్రం లేదు. చుక్క తడి కూడా లేదు. అదిగోకి సిమెంటు వాసన వేసినట్టయింది. అక్క మాత్రం బైనాక్యులర్స్ తీసి, ఎదుటి బోర్డు మీదున్న ఫోన్ నంబరు చదివి కొట్టింది.

"ఎవరండీ?" అవతలి గైడు గొంతు తగ్గించి అడిగాడు.

"ఎదుటి కొండ వాళ్ళం."

"అమ్మా, మీ దగ్గర ఎలుగుబంటి ఉందా?"

"లేదు. మీ దగ్గర జలపాతం ఉందా?"

"లేదండీ."

అక్క బైనాక్యులర్స్ పెట్టుకుని ఎదుటి కొండని కిందిదాకా మరోసారి వెతికింది.

"మాకు ఆఫీసరొచ్చాడండీ. స్నానంలో ఉన్నాడు. అక్కడ ఎలుగుబంటి ఉందని పన్నెండేళ్ళుగా చెబుతున్నాను," అన్నాడు వాడు ఏడుపుగొంతుతో.

"మాకూ వచ్చాడు. ఒక చెంప గీసుకోవడం అయింది. ఇదిగో తమ్ముడూ, మీకు నీళ్ళ ట్యాంకుందా?"

"బడ్డీ వెనకుందండీ. నిన్ననే నింపాం."

"మా దగ్గర నల్ల కంబళి ఉంది."

ఇంకేం మాట్లాడుకోనక్కర్లేకపోయింది.

"అక్కా, నేను గైడుని! నాకో మర్యాదుంది!" అన్నాడు అదిగో.

"కంబళా, గొట్టాలా?"

వాడు కంబళి కప్పుకుని రెయిలింగు కింది పొదల్లోకి దిగిపోయాడు.

అక్క కేక విని ఆఫీసరు ఒక చెంపన సబ్బుతో పరిగెత్తుకొచ్చేసరికి ఎదుటి కొండ మీంచి నీళ్ళు దూకుతున్నాయి.

"ఇంత సన్నగా ఉందేంటమ్మా జలపాతం?"

"ఎండాకాలం కదండీ."

"ఇది వానాకాలం."

"ఇది వానాకాలంలోనే సన్నబడే రకమండీ. చాలా అరుదు."

ఆఫీసరు "చాలా అరుదు" అని రాసుకున్నాడు. ఇంతలో నీళ్ళతోపాటు నీలం ప్లాస్టిక్ మగ్గు ఒకటి జారిపడింది.

"అదేమిటి?"

"నీలంపిట్టండీ. జలపాతంతోపాటు దూకుతుంది. పాపం, దానికదో సరదా."

"మరి ఆ రెయిలింగు?"

"గాలికి అలా ఏర్పడిందండీ."

"గైడేడీ?"

"కడుపులో బాగోలేదని పొదల్లోకి వెళ్ళాడు," అంది అక్క. అందులో సగం నిజమే.

కింద అదిగో నాలుగు కాళ్ళ మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. మోకాళ్ళలో ముళ్ళు దిగుతున్నాయి. కంబళిలోంచి చూస్తే అవతల బస్సు దిగిన నలభైమంది, వాళ్ళ ముందు తల మీద తువ్వాలుతో ఒక ఆఫీసరు. అందరూ కెమెరాలు ఎత్తి తననే చూస్తున్నారు.

అక్కడే కొంప మునిగింది. పదకొండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? కెమెరాలు కనబడగానే వాడి ఒళ్ళు వాడి మాట వినలేదు. ఎలుగుబంటి లేచి రెండు కాళ్ళ మీద నిలబడింది. గొంతు సవరించుకుంది. కుడిచెయ్యి చాచి, వాళ్ళకి జలపాతాన్ని చూపించింది.

అవతల నలభైమందీ తలలు వంచి తమ కొండ కిందికి చూసుకుని "అబ్బా!" అన్నారు. తువ్వాలు ఆఫీసరు కలం ఆగిపోయింది. అదిగో చాచిన చెయ్యి దించడానికి భయపడి అలాగే ఉండిపోయాడు. ఇక గొట్టాలే గతి అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే మంచు మళ్ళీ కమ్మేసింది. ట్యాంకు కూడా ఖాళీ అయింది.

నెల తర్వాత కొత్త జాబితా వచ్చింది. అక్క పైకి చదివింది. "ఏడో నంబరు. జలపాతం కలదు, ఉదయం పదకొండు గంటలకు. నీలంపిట్ట కలదు."

"బతికాం!" అన్నాడు అదిగో.

"ఆగరా, ఎదుటివాళ్ళది కూడా ఉంది. మూడో నంబరు. ఎలుగుబంటి కలదు, ఉదయం పదకొండు గంటలకు. సాధుజంతువు. సందర్శకులకు జలపాతం చూపించును."

"మూడా? వాళ్ళకి మూడా? అది నా చెయ్యి అక్కా!" అని రెండురోజులు అన్నం మానేశాడు అదిగో.

మూడోరోజు పదకొండు కాబోతుండగా కంబళి దులుపుకుని కప్పుకున్నాడు. అప్పట్నుంచీ రోజూ అంతే. పొదల్లోకి దిగి నాలుగడుగులు వేస్తాడు, లేచి నిలబడి చెయ్యి చాస్తాడు. మంచులో వాడి చెయ్యి వాడికే కనబడదు. అవతల్నించి నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆ వెనకే మగ్గు చప్పుడు.

"ఒరేయ్, నువ్వు ఎవరికీ కనబడవు కదరా, ఎందుకీ తిప్పలు?" అంది అక్క ఒకరోజు వాడి మోకాలికి మందు రాస్తూ.

"జాబితాలో రాశారు కదక్కా," అన్నాడు అదిగో. "అంతంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి అబద్ధం చెబుతామా?"