ఎర్రగీత దాటిన ముల్లు

సెసిల్ బార్న్‌బీ ఇంటికి రాగానే కోటు విప్పడు. ముందు అద్దాల బీరువా దగ్గరికి వెళ్లి, అందులో వరసగా పెట్టిన బుల్లి యుద్ధవిమానాల్లో ఒకదాని కాక్‌పిట్‌లోకి టార్చి వేసి తొంగిచూస్తాడు. ఇంజిన్ వేడి చూపే ముల్లు కిందికి ఉంటే వంటింట్లోకి వెళ్లి టీ అడుగుతాడు. ఎర్రగీత దగ్గర ఉంటే నోరు మూసుకుని తనే పెట్టుకుంటాడు. ఆ కాక్‌పిట్లన్నీ అతని భార్య హిల్డా చేసినవి. ఆమె చేసిన ఏ కాక్‌పిట్‌లోనైనా ఆ ముల్లు ఆమె కోపాన్ని బట్టే లేస్తుంది, దిగుతుంది. ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లోని ఆ ఊళ్లో బొమ్మ విమానాలు చేసేవాళ్ల మోడల్ క్లబ్బులో అందరికీ తెలిసిన సంగతే ఇది. వాన గురించి మాట్లాడుకున్నట్టే దాని గురించీ మాట్లాడుకుంటారు.

పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్కల్లో కాక్‌పిట్ అంటే ఒక కుర్చీ, ఒక బోడి పలక, అంతే. మిగతాదంతా హిల్డా చేతిపని. ముక్కలు తుంచేశాక మిగిలిన ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి సెగకి సాగదీసి వెంట్రుకలాంటి గొట్టాలు చేస్తుంది. వైన్ సీసా మెడకి చుట్టిన రేకు కత్తిరించి పైలట్ బెల్టులు చేస్తుంది. ఆవగింజంత డయల్ మీద ఊపిరి బిగబట్టి గీతలు గీసి, పైన వార్నిష్ చుక్క వేసి అద్దం చేస్తుంది. అప్పుడు సెసిల్ వచ్చి దాన్ని విమానం రెండు సగాల మధ్యా పెట్టి అతికించేస్తాడు, పైన రంగు వేస్తాడు. ఒకసారి అతికించిన విమానాన్ని విప్పడమంటే క్లబ్బులో మహాపాపం. ఇక ఆమె పని చూడాలంటే పై అద్దంలోంచి టార్చి వేయాల్సిందే. ఏటా క్లబ్బు పోటీలో కప్పు సెసిల్‌ది, విమానం పక్కన పెట్టే కార్డు మీద పేరూ సెసిల్‌దే. ఏళ్ల తరబడి ఇదే తంతు.

ఆ ఏడు లాంకాస్టర్ బాంబర్ మొదలుపెట్టారు.

"ఈసారి నా పేరు కూడా రాయి," అంది హిల్డా. "కప్పు నువ్వే ఉంచుకో. నాకు పేరు చాలు."

"రాస్తాలే."

"ఒట్టు వెయ్యి."

"ఒట్టు. ఇద్దరి పేర్లూ రాస్తా, సరేనా?"

ఆ మాట నమ్మి చలికాలమంతా కళ్లు పోయేలా పనిచేసింది. ఆ నెలల్లో ముల్లు అసలు లేవలేదు. సెసిల్ రోజూ టీ అడిగి తాగాడు.

పోటీ చర్చి హాల్లో. మగవాళ్లు బల్లల దగ్గర, ఆడవాళ్లు టీ దగ్గర. ఎవరూ పెట్టని రూలు అది, ఎవరూ తప్పరు. హిల్డా ట్రే పట్టుకుని లాంకాస్టర్ పక్కనుంచి వెళ్తూ కార్డు చూసింది. సెసిల్ బార్న్‌బీ. అంతే.

"నా పేరేది?"

"కార్డులో పేరుకి ఒక్క గీతే ఉంది, బంగారం."

"ఒట్టేశావు."

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. జనం చూస్తున్నారు."

"చూడనీ."

"అయినా నువ్వు చేసింది లోపలిదే కదా. కంటికి కనిపించేదంతా నేను చేసిందే."

హిల్డాకి అరికాలి మంట నెత్తికెక్కింది. టీ బల్ల దగ్గరికి వచ్చి సాసర్లని ఠపాఠపా పేర్చింది. పక్కన బిస్కెట్లు సర్దుతున్న స్నేహితురాలు డోరీన్ గొంతు తగ్గించి, "ముల్లు ఎంతదాకా వచ్చింది?" అంది.

"వెళ్లి చూసుకో."

లాంకాస్టర్ దగ్గర పోటీ జడ్జి స్ట్రిక్లాండ్ అప్పటికే టార్చి వేసి చూస్తున్నాడు. "సెసిల్, ముల్లు ఎర్రగీత మీద ఉంది."

"దిగుతుంది లెండి."

"దిగట్లేదు. దాటింది. ఏం చేశావయ్యా ఆవిణ్ణి?"

"నేనేం చేశాను? ఆడవాళ్ల సంగతి మీకు తెలియందేముంది," అని సెసిల్ నవ్వాడు. ఆ నవ్వు టీ బల్ల దాకా వినిపించింది.

కాలిన వాసన వచ్చింది. లాంకాస్టర్ కింద పరిచిన గుడ్డ గోధుమరంగుకి తిరిగింది. అతుకు ముక్కు దగ్గర మెత్తబడి, తోక దాకా ఊడి, విమానం రెండు సగాలూ చెరోపక్కకి పడిపోయాయి. మధ్యలో కాక్‌పిట్ ఒక్క తీగ కూడా చెదరకుండా నిలబడి ఉంది. అది పూర్తిగా కనబడటం క్లబ్బులో అందరికీ అదే మొదటిసారి.

హిల్డా చేతులు తుడుచుకుంటూ వచ్చి దాన్ని తీసుకుంది.

"అక్కడ పెట్టు, మళ్లీ అతికిస్తాను," అన్నాడు సెసిల్.

"అతికించుకో. నువ్వు చేసిందంతా అక్కడే ఉంది."

ఆమె స్ట్రిక్లాండ్‌ని ఒక కార్డు అడిగింది. ఆయన కలం కూడా ఇచ్చాడు. హిల్డా తన పేరు రాసి, కాక్‌పిట్ పక్కన పెట్టి, ఏప్రన్ విప్పి అక్కడే కుర్చీలో కూర్చుంది. ఆ రోజు టీ ఎవరికి కావాలంటే వాళ్లు పోసుకున్నారు.

సాయంత్రం సెసిల్ రెండు సగాలూ పెట్టెలో సర్దుకుని హిల్డా దగ్గరికి వచ్చాడు. ముందు కాక్‌పిట్ మీద టార్చి వేసి చూశాడు. ముల్లు పూర్తిగా అడుగున ఉంది. అతని ప్రాణం లేచొచ్చింది.

"కోపం పోయిందిగా, పద ఇంటికి."

"పోయింది," అంది హిల్డా, డోరీన్ కారు వైపు నడుస్తూ. "ఇన్నాళ్లూ నీ ఇంట్లో నాకున్నది అదొక్కటే, సెసిల్."