ఎగిరిపోయిన ముక్క

హనుమాన్ జంక్షన్‌లో వెంకటప్పయ్య కొట్టుకి ఇప్పటికీ 'ఆడియోస్' అన్న బోర్డే ఉంది గానీ, లోపల అమ్మేవి ఫోన్ కవర్లూ ఛార్జర్లూ. పాటల సీడీలు పోయి పదేళ్లు దాటింది. ఒక్క అర మాత్రం ఆయన ఖాళీ చెయ్యలేదు. అందులో ముప్పై ఎనిమిది సీడీలున్నాయి. అన్నీ మూడొందల ఏళ్ల నాటి యూరప్ సంగీతం. బాఖ్, వివాల్డి, హెండెల్.

కోరి తెప్పించినవి కావు. ఒకప్పుడు మద్రాసు నుంచి అయ్యప్ప భజనల పెట్టె రావాల్సింది, పొరపాటున ఈ పెట్టె దిగింది. పంపినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. కొనేవాళ్లు లేరు. బేరాల్లేని ఓ వానాకాలం మధ్యాహ్నం ఊరికే ఒకటి పెట్టి చూశాడు. అయిపోగానే ఇంకోటి పెట్టాడు. ఆ వారమంతా కొట్టు ముందు ఆగిన లారీ డ్రైవర్లు "ఏం బాబాయ్, ఈ సంతాప సంగీతమేంటి, ఢిల్లీలో ఎవరన్నా పెద్దాయన పోయాడా?" అని అడిగారు.

ఆ ముప్పై ఎనిమిదింటిలో ఆయన ప్రాణమంతా ఒకదాని మీదే. ఒంటి వయొలిన్. అట్ట వానకి నానిపోయి బాఖ్ అన్న పేరొక్కటే మిగిలింది కాబట్టి వాయించిందెవరో, అది ఏ పాటో తెలీదు. పైగా గీత పడింది. నాలుగో నిమిషంలో గరగరమని తడబడి, కాసేపటికి ఇంకెక్కడో తేలుతుంది. అక్కడికి రాగానే ఆయనే ఓ కూనిరాగం తీసి అతికించుకునేవాడు. "ఫోన్‌కి వినిపిస్తే పేరు చెప్పేస్తుంది నాన్నా, మొత్తం వినొచ్చు" అంది కూతురు సాయిశ్రీ. వద్దన్నాడు. ఆ గీతపడ్డ సీడీనే మళ్లీ మొదట్నించి పెట్టుకున్నాడు.

మొన్న శ్రావణంలో ఒకమ్మాయి ఛార్జర్ వైరు కోసం వచ్చింది. పేరు దీవెన. బెజవాడలో పిల్లలకి వయొలిన్ నేర్పుతుందట. ఏలూరు వెళ్తుంటే కారు టైరు పంక్చరైంది. భుజాన వయొలిన్ పెట్టె, చేతిలో చచ్చిన ఫోను. డబ్బులివ్వబోయి, లోపల మోగుతున్న ఆ ఒంటి వయొలిన్ సీడీ విని ఆగిపోయింది.

"ఇదెవరు పెట్టారండీ?"

"నేనేనమ్మా. కట్టెయ్యమంటావా?"

"అయ్యో, వద్దండీ! బాఖ్ కదా ఇది. జంక్షన్‌లో బాఖ్ వినపడటమేంటి అని..."

ఆయన బిత్తరపోయాడు. తనవాడి పేరు ఇంకొకరి నోట వినడం అదే మొదలు. అంతలో సీడీ ఆ చోటుకొచ్చి గరగరమంది. దీవెన ముఖం చిట్లించి, చటుక్కున పెట్టె తెరిచింది. ఆయన వద్దనబోయేలోపే వయొలిన్ గడ్డం కిందికి పోయింది, ఎగిరిపోయిన ముక్క మొదలైంది.

బయట బస్సుల హారన్లు మోగుతూనే ఉన్నాయి. వెంకటప్పయ్య కౌంటర్ పట్టుకుని నిలబడ్డాడు. అక్కడేదో గుండె పిండేసే ముక్క ఉంటుందని ఇరవై ఏళ్లుగా అనుకున్నాడు. తన కూనిరాగమూ అలాగే ఏడుపుగొట్టుగా ఉండేది. తీరా చూస్తే అది మెట్లెక్కుతూ దిగుతూ ఆడుకుంటోంది. నవ్వు తెప్పించేంత అల్లరి.

"ఇన్నాళ్లూ దాన్ని అన్యాయంగా ఏడిపించానమ్మా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

సంగతంతా విని దీవెన పకపకా నవ్వింది. "ఏదీ, మీ ముక్క ఓసారి పాడండి."

"నా మొహం! నాకు పాటేంటమ్మా?"

ఎంతో బతిమాలితే, గోడ వైపు తిరిగి, సన్నగా తీశాడు. ఆమె రెండుసార్లు విని, అచ్చంగా అలాగే వాయించింది. "ఇదీ బాగుందండీ. బాఖ్ గారు ఏమీ అనుకోరు లెండి" అంది. ఆయనకి చెవులు ఎర్రబడ్డాయి.

వెళ్లేముందు ఆ అర చూపించమంది. ఒక్కొక్క సీడీ తీసి చూస్తూ, "మా పిల్లల్ని తీసుకొస్తానండీ, వీటిలో కొన్ని నేనే వినలేదు" అంది.

మాటకి అందిలే అనుకున్నాడు. కానీ ఆ ఆదివారం తొమ్మిది మంది పిల్లలతో వ్యాను దిగింది. కొట్టు చాలక ఇంట్లో కూర్చోబెట్టారు. ఇవేం సంగీతాలని ఏనాడూ పట్టించుకోని రావమ్మ, భర్త ఒక్కో సీడీ గురించి తడుముకోకుండా పిల్లలకి చెబుతుంటే సున్నుండల పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

వ్యాను కదిలాక రావమ్మ కుర్చీ ప్లేయర్ దగ్గరికి జరుపుకుంది.

"ఏవండీ, ఇందాక బాకాలు ఊదారే, అదింకోసారి పెట్టండి."