టమాటా తెగట్లేదా

తోలుపట్టీ బిగించి, ఇరుసులో నూనె చుక్కలు వేసి, సానవాడు పెడలు ఓసారి తొక్కి చూశాడు. రాయి సాఫీగా తిరిగింది. గొంతు కూడా సవరించి చూసుకున్నాడు, అది మాత్రం తిరగలేదు. ఏళ్ల తరబడి ఇనుపరజను మింగి మింగి గరుకు కాగితంలా అయిపోయింది. పొద్దున్న నాలుగు కేకలు వేస్తే మధ్యాహ్నానికి ఉత్త గాలే వచ్చేది.

"కత్తులు, కత్తెరలు, చాకులు, గొడ్డళ్లు, కొడవళ్లు, ఉలులు సాన పడతాం." ఇది తండ్రి నేర్పిన కేక. ఇళ్లన్నీ నేలమీదే ఉన్న రోజుల్లో దాని దర్జాయే వేరు. ఇప్పుడు వీధికి రెండువైపులా అంతస్తుల మీద అంతస్తులు. పైనున్నవాళ్లు కిటికీ తీసేలోపు బండి ముందుకెళ్లిపోతుంది. తీసినా చెవినపడేది ఆ చివరి ఉలులే. ఉలితో వాళ్లకేం పని? వారం నుంచి ఒక్కరూ కిందికి దిగలేదు. ఇవాళా దిగకపోతే బండి పాతసామానుకు వేసేసి ఇంట్లో కూర్చుంటానని భార్యతో అన్నాడు. అన్నాడే గాని, ఆ కూర్చోవడం తలుచుకుంటే అతనికి భయం వేసింది. జన్మలో చేతకాని పని అదొక్కటే.

"ఆ చేంతాడంత కేక కాస్త తగ్గించు," అంది భార్య గుమ్మంలోంచి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"కత్తిపీట నీ మొహం చూసి ఎన్నాళ్లయిందో చెప్పు ముందు." మళ్లీ ఆమే అందుకుంది. "నువ్వేం చేస్తావో వాళ్లకెందుకు? వాళ్ల బాధేంటో అడుగు. 'టమాటా తెగట్లేదా' అను. అని ఊరుకో."

"కూరగాయలవాణ్ణనుకుంటారు."

"అనుకోనీ. కిందికైతే దిగుతారుగా."

సానవాడికి నామోషీగా తోచింది. తండ్రి కేకలో ఒక పనివాడి ఠీవి ఉంది, ఇదేమో వంటింటి గొడవ. మొదటి వీధిలో మొండిగా పాత కేకే వేశాడు. కొడవళ్ల దగ్గరే గొంతు పట్టేసింది. రెండో వీధిలో అటూ ఇటూ చూసి, గోడ దూకబోయే దొంగలా, "టమాటా తెగట్లేదా?" అన్నాడు.

పైన కిటికీ తెరుచుకుంది. ఒకావిడ సంచీ పట్టుకుని దిగివచ్చింది.

"కిలో ఎంత తాతా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. "అమ్మేవాణ్ణి కాదమ్మా. కత్తి మొద్దుబారితే టమాటా నలుగుతుంది గాని తెగదు. నేను సాన పడతాను."

ఆవిడ తెల్లబోయి చూసి, పకపకా నవ్వింది. "మా ఇంట్లో రోజూ అదే గోల. ఉండు, వస్తా." వెళ్లి కత్తులు తెచ్చింది. తెస్తూ తెస్తూ తలుపు తలుపూ తట్టి చెప్పింది.

ఆ తర్వాత అతనికి తల ఎత్తే తీరిక దొరకలేదు. రాయి మీద నిప్పురవ్వలు లేస్తున్నాయి. ప్రతి కత్తినీ బొటనవేలికి ఆనించి చూసి, కళ్లు చికిలించి, తిరిగి ఇస్తున్నాడు. సంతోషం పట్టలేక, "మా ఆవిడ చెప్పిన మాటమ్మా," అని అడగనివాళ్లకీ చెప్పాడు. ఇంటికెళ్లాక ఆమె ముందు ఎంత ఒప్పుకోవాలో, ఎంత దాచుకోవాలో కూడా ఆలోచించుకున్నాడు.

ఎండ ముదిరే వేళకు ఒక అమ్మాయి చెక్కపిడి కత్తి తెచ్చింది. ఒకవైపు పట్టాడు. రెండోవైపు తిప్పబోతూ ఆగిపోయి, కత్తిని పలక మీద పెట్టి, ఎడమ భుజం పట్టుకున్నాడు.

"కాసిని మంచినీళ్లిస్తావా తల్లీ."

ఆ అమ్మాయి గ్లాసుతో వచ్చేసరికి అతను గోడకు ఒరిగి ఉన్నాడు. రాయి ఇంకా నెమ్మదిగా తిరుగుతోంది. ఊపిరి మాత్రం లేదు.

కబురందుకుని భార్య వచ్చింది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లని ఒక్కొక్కరినే చూసింది.

"కిందికి దిగారా అమ్మా?" అనడిగింది.

"అందరం దిగాం మామ్మా," అంది సంచీ ఆవిడ.

ఆమె తల ఊపింది. అప్పుడు కూలబడి ఏడ్చింది, వీధంతా వినిపించేలా.

బండి పలక మీద చెక్కపిడి కత్తి అలాగే ఉండిపోయింది, ఒకవైపు తళతళలాడుతూ, రెండోవైపు మొద్దుగా.