నలభై ఒకటో బిళ్ళ

పెంచల్ ఐదోసారి లెక్కపెట్టాడు. నలభై ఒకటి ఉండాల్సిన స్మారక నాణేలు నలభయ్యే ఉన్నాయి. పైగా నిన్నటిదాకా నల్లబడి ఉన్న ఇత్తడిరంగు ఐదు రూపాయల బిళ్ళలు ఇవాళ తళతళలాడుతున్నాయి. ఒకటి తీసి వాసన చూశాడు. పులుసు!

"ఏమ్మే, నిన్న నీ తమ్ముడొచ్చి చేపలపులుసు తినిపోయినాడు గదా. ఆ చేతుల్తోనే నా పెట్టె తెరిచినాడా? అసలువి ఎత్తుకోని నకిలీవి పెట్టినాడా, దొంగనాయాలు?"

ఏదో చెప్పబోయిన భార్య గురవమ్మ ఆ చివరిమాటకు ఆగిపోయింది. సద్దిగిన్నె తెచ్చి అతని చేతికిచ్చింది.

ముప్పయ్యేళ్లుగా నెల్లూరు - మైపాడు బస్సులో కండక్టరు అతను. కొత్తబొమ్మ ఉన్న నాణెం కనబడితే చాలు, టికెట్ల సంచిలో తన డబ్బు వేసి దాన్ని దాచుకునేవాడు. నోటిస్తే వెలుగుకు పట్టి చూస్తాడు. కునికేవాణ్ణి తట్టిలేపి, టికెట్ ఎగ్గొట్టడానికేగా ఈ దొంగనిద్ర అంటాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! ఆదివారం నెల్లూరులో నాణేల ప్రదర్శన. తన పేరు రాసిన బల్లమీద తన నాణేలు! పుట్టి బుద్ధెరిగాక అలాంటి ముచ్చట అతనికి ఇదే మొదటిది.

మధ్యాహ్నం నెల్లూరులో బస్సు ఆగగానే పెట్టె పట్టుకుని నాణేలు అమ్మే జయరామయ్య కొట్టుకు పరుగెత్తాడు. ఆయన భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చాడు.

"అసలువే పెంచలూ. ఎవురో చింతపండేసి తోమినారు. ఆ నలుపు పోతే వీటి విలువ కూడా పోయినట్టే. ప్రదర్శనకు పనికిరావు."

పెంచల్ కొట్టు మెట్టుమీద కూలబడ్డాడు. నలుగురూ చూస్తారని గురవమ్మే ఇత్తడి చెంబులు తోమినట్టు తోమింది, పిచ్చిది. బావమరిదిని అన్నమాట గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా లోపల పురుగు ఊరుకోలేదు. మరి ఆ నలభై ఒకటోది ఏమైనట్టు? సాయంత్రం ఇంటికి పోయి ఆమెను అడగాల్సిందే అనుకున్నాడు.

ఇందుకూరుపేటలో ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ఆదిశేషమ్మ తాళంచెవి తెచ్చిచ్చింది.

"అక్క బోగోలు పోయిందన్నా, తమ్ముడింటికి. ఎప్పుడొస్తావని అడిగితే, ఆయన లెక్క సరిపోయినాక అనింది."

పెరట్లో తొట్టి గట్టుమీద పిండేసిన చింతపండు ముద్ద ఎండిపోయి ఉంది. అందులో ఇరుక్కుని, సగం తళతళలాడుతూ, సగం ఇంకా నల్లగా, ఐదు రూపాయల బిళ్ళ.