గీత అవతలి కుర్చీ

ట్యాంకు కూలిన పొద్దున ఆకు కూడా కదల్లేదు. ఆ సంగతి గుట్టకింది తండాలో పసిపిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. కానీ జీపు ముందు నిలబడి ఇంజనీరు చెప్తుంటే పోలీసులు రాసుకున్నది మాత్రం వేరు. పెనుగాలికి నీళ్ళ ట్యాంకు కూలింది, కింద నీళ్ళు పట్టుకుంటున్న అమ్మాయి చనిపోయింది.

ఆ అమ్మాయి పేరు శ్రావణి, జమ్లి కూతురు. కొత్తగూడెం హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చింది. వాగులో చెలిమెలు తోడుకుని బతికిన తండాకు మొట్టమొదటిసారి కొళాయి నీళ్ళు వస్తున్నాయంటే, బిందె పట్టుకుని అందరికన్నా ముందు పోయి నిలబడింది. వెనకాలే జమ్లి రెండో బిందెతో వస్తోంది. ట్యాంకు నిండుతున్నకొద్దీ దాని స్తంభం ఒకటి మెల్లగా కుంగడం చూసింది. శ్రావణి వెనక్కి తిరిగి తల్లిని చూసి నవ్వడం చూసింది. అరిచేలోపే అంతా అయిపోయింది. కళ్ళారా చూసిన తల్లిని ఎవరూ అడగలేదు. లేని గాలిని మాత్రం సాక్షిగా రాసుకున్నారు.

"గాలెక్కడిది సారూ?" అని అడిగాడు తండా పెద్ద గోప్యా నాయక్. కర్ర మీద ఆనుకుని నిలబడ్డ ముసలాయన.

"పైన వీచింది పెద్దాయనా. కిందున్నోళ్ళకు తెలియదు," అన్నాడు ఇంజనీరు.

అప్పుడే సర్పంచ్ జగదీష్ మోటార్ సైకిల్ దిగి పరుగున వచ్చాడు. జమ్లి కాళ్ళ దగ్గర కూలబడి, "అక్కా, మన పిల్ల పోయిందే!" అని గుండెలు బాదుకున్నాడు. అది దొంగ ఏడుపు కాదు. జమ్లికి మింగుడుపడనిది అదే. ఆమె తోడబుట్టిన తమ్ముడు అతను. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. వాగు దాటేటప్పుడు వాడి చెయ్యి వదిలిన రోజు లేదు.

ఆ ట్యాంకు కట్టిన కంపెనీ జగదీష్ భార్య పేరున ఉంది. పని చేయించేది ఆమె అన్న సంతోష్. పని ఇచ్చే సంతకం జగదీష్‌ది. ముగ్గురూ ఒకే పొయ్యి మీద వండింది తింటారు. కాగితాల్లో మాత్రం ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు.

ఇంత పచ్చిగా ఎలా జరిగిందని అడిగేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. తండా వాళ్ళు తెలివితక్కువై మోసపోలేదు. తమ కట్టుబాటును తు.చ. తప్పకుండా పాటించి మోసపోయారు.

గుట్టకింది తండాలో పంచాయితీ అంటే ముందు నాయక్ కర్రతో నేల మీద గుండ్రంగా గీత గీస్తాడు. తీర్పు చెప్పేవాళ్ళు గీత లోపల కూర్చుంటారు. తగువు ఎవరిదో వాళ్ళ రక్తసంబంధీకులు, అన్నదమ్ములైనా అక్కచెల్లెళ్ళైనా, లేచి గీత అవతల కూర్చోవాలి. నోరు విప్పకూడదు, చెయ్యెత్తకూడదు. తాతల నాటి నుంచి ఎంత మొనగాడైనా సరే, తన ఇంటి తగువొస్తే తువ్వాల దులుపుకుని అవతలికి పోయినవాడే.

ట్యాంకు పని ఎవరికివ్వాలని మొదటి గ్రామసభ పెట్టినప్పుడు గోప్యా అలాగే గీత గీశాడు. పని సర్పంచ్ ఇంటిదని అందరికీ తెలుసు. అందుకని అతని రక్తం పంచుకున్నవాళ్ళంతా మర్యాదగా లేచి అవతల కూర్చున్నారు. తండాలో సగానికి పైగా అతని చుట్టాలే. జమ్లి అందరికన్నా ముందు లేచింది. వాగు అవతలి కోయగుంపుకు అసలు కబురే పోలేదు. లోపల మిగిలింది సంతోష్ ట్రాక్టర్ల మీద పనిచేసేవాళ్ళు, ఏం తోచని నలుగురు ముసలివాళ్ళు. చేతులు లేచాయి. జగదీష్ మాత్రం గీత లోపలే, సర్కారు కుర్చీలో, కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉన్నాడు. నీతి ఉన్నవాళ్ళంతా అవతలికి పోయారు, లేనివాడు లోపల ఉండి రాజ్యం చేశాడు. ఈ దేశంలో చట్టాలన్నీ ఇట్లాగే నడుస్తున్నాయి కాబట్టి తండాను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు లేదు.

ఆ తర్వాత జమ్లే ఆ పనిలో కూలికి పోయింది. గంపలకెత్తిన ఇసుకలో సగం వాగు ఒండ్రని ఆమె చేతులకు తెలిసింది. తమ్ముడి ఇంటి సంగతి నేను మాట్లాడొద్దు కదా అని నోరు కట్టుకుంది.

శ్రావణిని పూడ్చిపెట్టి వచ్చిన మూడో రోజుకే దండోరా వేశారు. మళ్ళీ గ్రామసభ. ట్యాంకు పెనుగాలికి కూలిందని సభ ఒప్పుకోవాలి, కొత్త ట్యాంకు పాత కంపెనీకే ఇవ్వాలి. రెండూ కలిపి ఒకే తీర్మానం. చేతులు లేచాయంటే శ్రావణి చావు గాలి పాలు.

ఆ సాయంత్రం జమ్లి వాకిట్లో జనం పోగయ్యారు. వాగు అవతలి కోయగుంపు నుంచి కూలీ సంఘం భద్రయ్య తన వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. తండాకూ గుంపుకూ పడదని మండలం ఆఫీసు వాళ్ళకు గట్టి నమ్మకం. కొంత నిజమే.

"మా భూముల్లకొచ్చి మీరు కూసున్నరని మా ముసలోళ్ళు ఇప్పటికీ తిడతరు," అన్నాడు భద్రయ్య సూటిగా. "ఆ తగువు మనం మనం తేల్చుకుందాం. గీ ట్యాంకు నీళ్ళు మా గుంపుకు గూడ రావాలె. రేపు మా పిల్ల గూడ గట్లనే చస్తది."

"సంతోష్‌గాని కాంక్రీటు కలిపే మిల్లర్ తగలబెడదాం!" అని అరిచింది గోప్యా కోడలు రూప్లి.

"తగలబెడితె కొత్తది కొంటడు. మనల్ని జైల్లేస్తరు. తీర్మానం గట్లనే పాసైతది," అన్నాడు భద్రయ్య. "చేతులెత్తొద్దు. గంతే. అందరం సభల ఉండాలె, ఒక్క చెయ్యి లేవొద్దు."

గోప్యా తల అడ్డంగా ఊపాడు. "అందరం ఎట్లుంటం? సర్పంచ్ రక్తమోళ్ళు అవతల కూసోవాలె గదా. కట్టుబాటు."

"కట్టుబాటు పాటిస్తె మల్ల దొంగలే మిగులుతరు పెద్దాయనా!"

మాటా మాటా పెరిగింది. కట్టుబాటు వదిలేద్దామని కొందరు, వదిలితే మనకూ వాళ్ళకూ తేడా ఏముందని కొందరు. గోడకానుకుని కూర్చున్న జమ్లి అంతా వింటోంది. చచ్చినదీ తన రక్తమే, చంపినవాడూ తన రక్తమే. రెండు రకాలుగా ఆమెకు గీత లోపల చోటు లేదు. అప్పుడు నోరు విప్పింది.

"మామా, గా గీత ఎందుకు గీస్తరు?"

"ఇంటోని మీద ఇంటోడు సక్కని తీర్పు చెప్పలేడు బిడ్డా. అందుకే."

"మరి ఆ రోజు నా తమ్ముడు లోపలెందుకు కూసున్నడు?"

ముసలాయన కర్ర వైపు చూసుకుంటూ అన్నాడు.

"సర్కారు కుర్చీ చూసి చెయ్యి వణికింది బిడ్డా. కుర్చీని లోపలికి తీస్కొని, సుట్టు తిప్పి గీసిన."

"అవ్. గదే తప్పు," అంది జమ్లి. "కట్టుబాటుల తప్పు లేదు. నేను అవతలనే కూసుంట. నువ్వు మాత్రం గీత సక్కగ గియ్యి."

సభకు ముందురోజు పొద్దున్నే జగదీష్ ఒక్కడే అక్క ఇంటికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. చిన్నప్పటిలాగే పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"నన్నేమన్న అనక్కా, పడత. గని సభల నా పరువు తియ్యకు. నిన్ను చెయ్యెత్తమంటలేను. మన కట్టుబాటు ప్రకారం అవతల కూసో. గంతే అడుగుతున్న."

"కూసుంట తమ్మీ. మరి నువ్వేడ కూసుంటవ్?"

"నేను సర్పంచిని గదనే. కుర్చీల కూసోవాలె."

జమ్లి అతన్ని ఎగాదిగా చూసింది. ఈ ముఖాన్ని ఎన్నిసార్లు కడిగింది! "పో తమ్మీ," అంది. "రేపు సభల కలుద్దాం."

సభ బడి ముందు పెట్టారు. రెండు పోలీసు జీపులు వచ్చాయి. ఎంపీడీఓ ప్రమీలారాణి వచ్చి బల్ల వెనక కూర్చుంది. పక్కన సర్కారు కుర్చీలో జగదీష్. తమ దగ్గర దండోరా వేయకపోయినా కోయగుంపు పిల్లా జెల్లాతో దిగేసరికి సంతోష్ మొహం వాడిపోయింది.

గోప్యా కర్ర తీసుకుని వచ్చాడు. ముసలి చెయ్యి ఈసారి కూడా వణుకుతోంది. కానీ జగదీష్ కుర్చీ ముందుకు రాగానే కర్రను నేలకు గట్టిగా అదిమి, కుర్చీ కాళ్ళకు ఇవతలి నుంచి గీసుకుంటూ పోయాడు. బల్ల గీత లోపల, కుర్చీ గీత అవతల.

"ఇదేంటిది?" అంది ప్రమీలారాణి.

"మా కట్టుబాటమ్మా. పని ఎవరింటిదో వాళ్ళు తీర్పుల ఉండొద్దు."

జమ్లి లేచింది. నేరుగా వెళ్ళి గీత దాటి, తమ్ముడి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆమె వెనక సర్పంచ్ చుట్టాలంతా ఒక్కొక్కరే లేచి గీత దాటారు. కుర్చీ చుట్టూ జనం నిండిపోయారు.

"వాళ్ళ కూలి తినేటోళ్ళు గూడ అవతలికే," అన్నాడు గోప్యా. సంతోష్ ట్రాక్టర్ల వాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఒకడు లేచాడు. మిగిలినవాళ్ళు తలొంచుకుని వాడి వెంట నడిచారు.

"ఇది ప్రభుత్వ సభ. ఇక్కడ మీ గీతలు చెల్లవు," అంది ప్రమీలారాణి.

భద్రయ్య లోపల్నుంచి లేచాడు. "మీ చట్టంల లేదా మేడం గీ గీత? పంచాయతీ పనిల సర్పంచ్‌కు వాటా ఉండొచ్చా?"

"ఉండకూడదు. కానీ కంపెనీ ఆయన పేరున లేదు. ఆయన భార్య పేరున ఉంది."

"ఆమె వండింది ఎవరు తింటరమ్మా?" అంది రూప్లి. జనం నవ్వారు. చావింటి మనుషుల నవ్వు అది.

ప్రమీలారాణి తీర్మానం చదివింది. పెనుగాలి అన్న మాట దగ్గర ఎవరో ఉమ్మేశారు. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అంది. గీత లోపల కోయలున్నారు, వేరే ఇళ్ళ లంబాడీలున్నారు, ముసలివాళ్ళున్నారు. ఒక్క చెయ్యి లేవలేదు.

జగదీష్ దిగ్గున లేచాడు. "నేను సర్పంచ్‌ను! నా చెయ్యి లేస్తది!" అని కుర్చీని గీత లోపలికి లాగబోయాడు. కుర్చీ కదల్లేదు. దాని కాలు జమ్లి పట్టుకుని ఉంది.

"ఇడువక్కా!"

"మన జాగ ఇది తమ్మీ. కూసో."

"ఇడువంటున్న!"

"నా బిడ్డను గాలికిచ్చినవ్. కుర్చీ గూడ ఇయ్యాల్నా?"

ఎస్సై లాఠీ ఆమె మణికట్టు మీద పడింది. గాజులు పగిలాయి. రెండో దెబ్బకు ఎముక చప్పుడు దగ్గరున్నవాళ్ళకు వినిపించింది. జమ్లి రెండో చేత్తో పట్టుకుంది. జగదీష్ కుర్చీ వదిలేశాడు. "కొట్టకున్రి సార్," అన్నాడు కానీ ఆ మాట అతనికే వినబడలేదు. అప్పటికే జనం లేచారు. ఎస్సై బూటుకాలితో గీత చెరుపుతుంటే గోప్యా వెనకాలే నడుస్తూ మళ్ళీ గీస్తున్నాడు. కర్ర లాక్కుని విరిచేశారు. సర్కారు సభను ఆపినందుకు జమ్లినీ, గోప్యానూ, భద్రయ్యనూ జీపులోకి తోశారు. ట్యాంకు కూలి పిల్ల చచ్చినప్పుడు ఒక్కడిని పట్టుకోని చట్టం, ఒక కుర్చీ ఆగినందుకు ముగ్గుర్ని పట్టుకుపోయింది.

జైల్లో జమ్లి చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. ఎడమచేత్తో తినడం నేర్చుకుంది. పొద్దున కొళాయి దగ్గర ఆడఖైదీలు బిందెలు పెడితే ఆ చప్పుడుకు లేచి అవతలికి వెళ్ళిపోయేది.

జమ్లిని యాడీ, అంటే అమ్మా అని పిలిచే రూప్లి ములాఖాత్‌కు వచ్చింది. జాలీకి అవతల నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సంతోష్ మీద కేసు లేదు. కాగితంలో ఇంకా గాలే ఉంది. తండా మళ్ళీ చెలిమెల నీళ్ళే తాగుతోంది. జగదీష్ ఇల్లు కదలడం లేదు.

"తీర్మానం?" అంది జమ్లి.

"పాస్ కాలే యాడీ. ఇంకో సభ పెడితె గీత చూసి ఎంపీడీఓనే లేచి పోయింది. గుట్ట అవతల గూడెంల గూడ గీసిన్రు. ఆడ రోడ్డు పని మెంబర్ కొడుకుదట. రేపు అన్ని తండాలోళ్ళం, గుంపులోళ్ళం కలిసి మండలం ఆఫీసుకు పోతున్నం. మామ కొత్త కర్ర చెక్కమని జైల్నుంచే చెప్పి పంపిండు."

టైమైపోయిందని వార్డర్ అరిచింది. జమ్లి వంకర తిరిగిన చేత్తో జాలీ పట్టుకుంది.

"రూప్లీ, గా కుర్చీ ఏడుంది?"

"ఆడ్నే ఉంది యాడీ. తీస్కపోనీకి పోలీసులొస్తె ఆడోళ్ళం దాని సుట్టు కూసున్నం. వానకు గీత చెరిగితె తెల్లారి ఎవరో ఒకరు మల్ల గీస్తున్రు."

"లోపలుందా, అవతలుందా?"

"అవతల్నే యాడీ," అంది రూప్లి. "అవతల్నే ఉంది."