ఎదురు చెప్పే గోడలు

పిచ్చుక అనే అమ్మాయి రోజూ బడికి మెట్లు దిగుతూ "వెళ్ళొస్తానమ్మా!" అని కేకేసేది. మెట్ల గోడలు ఒక్క క్షణం ఆగి, ఆమె గొంతుతోనే, "వెళ్ళాలని లేదు, లెక్కల పరీక్ష ఉంది" అనేవి.

"విన్నాన్లే, ముందు నడు!" అని మూడో అంతస్తు నుంచి అమ్మ అరిచేది.

పుట్టిన దగ్గర్నుంచీ అంతే. అందరి మాటా గోడకి తగిలి అలాగే తిరిగొస్తే, పిచ్చుక మాట మాత్రం మనసులోది పట్టుకుని వచ్చేది. చుట్టాలొస్తే అమ్మ హాలు గోడలకి దుప్పట్లు వేలాడదీసేది. "పిన్ని చీర బాగుందని దీనిచేత అనిపించగానే గోడ పరువు తీస్తుంది" అని ఆవిడ గోల. దాంతో పిచ్చుకకి ఒక అలవాటు అబ్బింది. ఎవరేమన్నా "సరే" అనేసేది. మిగతాది గోడలే చూసుకునేవి.

యూనివర్సిటీలో సౌండ్ టెక్నాలజీ సీటుకి ఇంటర్వ్యూ పెద్ద ఖాళీ హాల్లో జరిగింది.

"ఈ చదువే ఎందుకమ్మా?" అన్నారు మాస్టారు.

"మంచి ఉద్యోగం వస్తుందని సార్."

"సినిమాల్లో వాన వానలా ఉండదు, నూనెలో ఏదో వేగుతున్నట్టుంటుంది" అంది హాలు.

మాస్టారు తలెత్తకుండానే రెండో జవాబు రాసుకుని సీటిచ్చారు.

నాలుగేళ్ళు మైకు చేత పట్టుకుని తిరిగింది. రేకు మీద వాన, గొడుగు మీద వాన, ఆపి ఉన్న స్కూటరు సీటు మీద వాన, దేని చప్పుడు దానిదే అని చెవికి పట్టింది. చదువయ్యాక ఒక స్టూడియోలో చేరి, ఐదు నెలలు కూర్చుని ఒక సినిమాకి శబ్దాలన్నీ తనే కూర్చింది.

పని పూర్తయిన రోజు యజమాని ఆమెని శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ గదిలోకి పిలిచాడు. పిచ్చుక అందులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. మూల కుర్చీలో, స్టూడియోలో ఏళ్ళుగా పనిచేస్తున్న సీనియర్ కూర్చుని ఉన్నాడు. తెర మీద సినిమా చివర పడే పేర్ల జాబితా ఉంది.

"పని అదిరింది. పేరు మాత్రం మన సీనియర్‌ది వేద్దాం. కొత్తమ్మాయి పేరు చూస్తే డైరెక్టర్లు జంకుతారు. నీకేం అభ్యంతరం లేదుగా?"

"లేదు సార్" అనేసి, ఎప్పటిలాగే గోడ కోసం ఆగింది.

గోడ పలకలేదు. నేల నుంచి కప్పు దాకా స్పాంజి, దాని మీద మందపాటి గుడ్డ. ఆమె "లేదు" ఒక్కటే గది మధ్యలో నిలబడిపోయింది. అదెంత బోడిగా ఉందో ఆమెకి మొదటిసారి తెలిసింది. యజమాని నవ్వుకుంటూ కీబోర్డు దగ్గరికి లాక్కుని సీనియర్ పేరు కొట్టాడు.

"ఉంది సార్."

"ఏముంది?"

"అభ్యంతరం." పిచ్చుక ఒకడుగు ముందుకేసింది. "మూడు వానల్లో తడిసి పట్టానండీ ఆ చప్పుడు. నా పేరు పడాలి. పడకపోతే నా వాన తీసేయండి."

"నీలాంటి వాళ్ళు బయట వందమంది ఉన్నారు, తెలుసా?"

"అయితే వాళ్ళని పంపండి, తడవడానికి."

యజమాని మొహం కందగడ్డయింది. సాయం కోసం మూల కుర్చీ వైపు తిరిగాడు. సీనియర్ గొంతు సవరించుకున్నాడు.

"నేను తడవని వానకి నా పేరెందుకు సార్? ఆ అమ్మాయిదే వేయండి."

చివరికి యజమాని గట్టిగా నిట్టూర్చి, సీనియర్ పేరు చెరిపి, కీలు విరిగిపోయేలా ఆమె పేరు టైపు కొట్టాడు.

పిచ్చుక వంగి తెర వైపు చూసింది.

"అక్కడ 'చ' కింద ఒత్తు ఉంటుంది సార్" అంది.