జాజులో అమ్మ చెయ్యి

శుక్రవారం లోపు చెయ్యాల్సినవి: ఎర్రరంగు కోసం జాజు రాయి నూరాలి. పాతగుడ్డలో వడకట్టాలి. చెక్కకు సున్నం పూసి ఆరబెట్టాలి. రెండు స్ట్రాలు సంపాదించాలి. అక్కను అడగాలి.

ఇంట్లో అందరూ ‘చిన్నది’ అని పిలిచే రెండో కూతురు మొదటి నాలుగు పనులూ సోమవారానికే ముగించింది. ఐదోదే గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడింది.

కాలేజీలో డ్రాయింగ్ మాస్టారు ఇచ్చిన పని అది. వేల ఏళ్ళ కిందట గుహల్లో బతికినవాళ్ళు గోడకు చెయ్యి ఆనించి, చుట్టూ ఎర్రరంగు ఊదేవారట. చెయ్యి తీసేస్తే దాని ఆకారం ఖాళీగా మిగిలేదట. “మీకు కావలసినవాళ్ళ చెయ్యి అలా నిలబెట్టి తీసుకురండి,” అన్నారాయన.

చిన్నదానికి కావలసింది అమ్మ. అమ్మ పోయి రెండేళ్ళయింది.

“దానికేముందే, మీ అక్క చెయ్యి పెట్టు. అచ్చు గుద్దినట్టు మీ అమ్మదే,” అంది పిన్ని బట్టలు మడతపెడుతూ. “నీది మీ నాన్న చెయ్యి. పారలాగా.”

పుట్టినప్పటినుంచీ వింటున్నదే. ముక్కు, జుట్టు, నడక, చివరికి తుమ్ము కూడా, అమ్మ పోలికంతా అక్కే ఎత్తుకుపోయింది. అమ్మ మంచం పట్టినప్పుడు పక్కనున్నది చిన్నది. పరామర్శకు వచ్చినవాళ్ళు మాత్రం అక్క ముఖం చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు చిన్నది టీ గ్లాసులు కడుగుతూ ఒకటి కావాలనే పగలగొట్టింది.

వేరే ఊళ్ళో నర్సుగా చేస్తున్న అక్క బుధవారం సెలవు మీద వచ్చింది.

“చెయ్యి కావాలి. ఎడమది,” అంది చిన్నది, ముఖం చూడకుండా.

“కోసివ్వనా?” అక్క నవ్వి, వాచీ తీసి, చెక్క మీద చెయ్యి ఆనించింది. సన్నటి పొడుగాటి వేళ్ళు. చిన్నదానికి కడుపు రగిలింది.

అక్క ఉద్యోగానికి వెళ్ళాక, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అమ్మ వేలొకటి మిషన్ కింద పడి తెగింది. అది తలచుకుని అక్క చిటికెన వేలు లోపలికి మడిచి, “ఇదేగా?” అంది.

చిన్నది తలెత్తి చూసింది. అక్కకు నిజంగానే తెలీదు.

“నేనొస్తే చాలు, అమ్మ ఆ చెయ్యి వెనక్కి పెట్టుకునేదే,” అంది అక్క గొంతు తగ్గించి. “ఊరందరికీ కట్లు కడతాను. అమ్మకి మాత్రం నువ్వు కట్టావు. నిన్ను చూస్తే నాకెప్పుడూ కుళ్ళే.”

చిన్నదానికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గేసింది. అయినా ఆ తీపి పోలేదు. ‘ఇదే’ అనేస్తే చాలు. అసలు వేలు ఏదో తనొక్కదానికే తెలిసి ఉంటుంది. కానీ అప్పుడు చెక్క మీద మిగిలేది అక్క చెయ్యే.

“అది కాదు, పక్కది. ఉంగరపు వేలు,” అంటూ తనే పట్టుకుని మడిచింది. “మొదటి కణుపు ఉంది. పైవే పోయాయి. ముందు నొప్పి, తర్వాత దురద అనేది.”

అక్క ఆ వేలిని అలాగే మడిచి ఉంచింది. చిన్నది స్ట్రాలతో, దవడలు నొప్పెట్టేదాకా, జాజు ఊదింది.

శుక్రవారం కాలేజీలో పెట్టిన ప్రదర్శనకొచ్చి, ఆ చెక్క చూసి, “మా పెద్దదాని చెయ్యి ఎంత చక్కగా వచ్చిందో,” అంది పిన్ని. చిన్నదానికి మళ్ళీ మండింది.

“అమ్మది,” అంది పళ్ళ బిగువున.

మీరు ఆ చెక్కను చూడకపోవచ్చు. ఆ తల్లిని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎడమ చెయ్యి, ఉంగరపు వేలు, ఒక్క కణుపు.